జల్లెడతో ముగిసే పాదం

నాన్‌జింగ్
1997 ఆగస్టు 19

పెయ్‌లాన్ వదినగారికి,

మీరు పంపిన ఎండు వెదురుమొలకలు అందాయి. రాత్రంతా నానబెట్టి వండాలట. పక్కింటావిడ ఆ సంగతి చెప్పేసరికి సగం తినేశాను.

పెయ్‌జు పోయి ఐదు నెలలైంది. అస్థికలు ఇంకా శ్మశానం వాళ్ళ గదిలోనే ఉన్నాయి, ముప్పై ఏడో అరలో. డిసెంబర్ 22న, చలికాలపు అయనం రోజు, కొండ మీద పెట్టడానికి స్థలం తీసుకున్నాను. రాయి వచ్చింది. ఆమె పేరు చెక్కి నల్లరంగు నింపారు. పక్కన నా పేరు చెక్కి, బతికున్నవాణ్ణి కాబట్టి ఎర్రరంగు వేయాలి. మేస్త్రీ రెండుసార్లు అడిగాడు. ఇంకా ఇవ్వలేదు.

మీరు ఒక సంగతి చెప్పాలి. అల్మారాలో మందుచీటీల కింద ఒక బిస్కెట్ డబ్బా దొరికింది. అందులో పదకొండు పద్యాలున్నాయి. చేతిరాత ఆమెదే. అన్నీ చిన్నతనం మీదే.

మొదట ఆశ్చర్యపోలేదు. బళ్ళో ముప్పై ఏళ్ళు పాత పద్యాలు చెప్పిన మనిషి. ఇంట్లో కూడా భోజనాల దగ్గర చదివేది. నేను పేపరు చూస్తూ వినేవాణ్ణి. వాటిలో పిల్లలు ఎప్పుడూ దూరంగానే ఉంటారు. గాలిపటం ఎగరేస్తారు, గేదె మీద కూర్చుంటారు, ఎవరివో తామరకాయలు కోస్తారు. పెద్దవాడు పలకరించబోయేసరికి చెట్ల వెనక్కి పారిపోతారు. అక్కడితో పద్యం అయిపోతుంది. మాకు పిల్లల్లేరు. అందుకే ఆమెకు అవంటే ఇష్టమనుకున్నాను.

డబ్బాలోని పద్యాల్లో పిల్లలు పారిపోరు. పదకొండింటిలోనూ ఒకే అమ్మాయి, ఒకే అబ్బాయి. అమ్మాయి పడవలో ఉంటుంది. అబ్బాయి గట్టు మీద. అమ్మాయి పిలుస్తుంది. అబ్బాయి ఎక్కడు.

ప్రతి పద్యం మీదా ‘మళ్ళీ ఆ మాటలకే జవాబు’ అని రాసి ఉంది. ఆ పద్ధతి మీకు నాకంటే బాగా తెలుసు. ఒకరు పద్యం పంపితే, జవాబు రాసేవారు అవే చివరి మాటలు అదే వరుసలో పెట్టాలి. అంటే మొదట ఎవరో ఆమెకు ఒక పద్యం ఇచ్చారు. ఆమె పదకొండుసార్లు జవాబు రాసింది. కాలేజీలో నేల రసాయనాలు చెప్పినవాణ్ణి, కాగితాల కాలం పోల్చుకోగలను. మొదటిది 1961 నాటి రేషన్ ధాన్యం చీటీ వెనక రాసింది. చివరిది ఈ జనవరిలో ఆసుపత్రి ఇచ్చిన కాగితం వెనక.

చిన్నప్పుడు మీ వీధిలో ఆమె ఈడు మగపిల్లలు ఎవరెవరు ఉండేవారు? ఊరికే తెలుసుకుందామని.

గెంగ్ షోయీ


హూజౌ
ఆగస్టు 31

మరిదీ,

నానబెట్టని వెదురుమొలకలు తిన్నావా! పళ్ళు ఉన్నాయా పోయాయా ముందు అది రాయి. ఈసారి మా అల్లుడి చేత పంపిస్తాను, వండే విధం చీటీ మీద రాసి సంచికి కుట్టేస్తాను. నువ్వు చీటీ కూడా వండుకునే రకం.

ఆ డబ్బా సంగతి నాకు తెలియదు. నాతో ఒక్క ముక్క అనలేదు అది. చెల్లెళ్ళ మాట ఇంతే.

మగపిల్లలంటావా, మా రేవు దగ్గర ముగ్గురుండేవాళ్ళు. రొట్టెలంగడి వాళ్ళ పెద్దాడు స్టీమరు పనికి వెళ్ళి ఆ వైపే ఉండిపోయాడు. బియ్యంమిల్లు వాళ్ళ అబ్బాయి పదేళ్ళకే జ్వరంతో పోయాడు. మిగిలింది ఫెయ్ బోరుయ్. వెదురు వేణువులు చేస్తాడు, ఇప్పటికీ పాత వంతెన పక్కనే కొట్టు. పెయ్‌జు, వాడు ఒకే పడవలో బడికెళ్ళేవాళ్ళు. వాడి చెవులు గట్టివి, పెయ్‌జు ఎన్నిసార్లు పిండినా ఏడ్చేవాడు కాదు.

ఒక మాట. పాత పద్యంలో పిల్లాడు కనిపించాడంటే రాసినవాడు ముసలివాడని అర్థం, ఇంటికి దూరంగా ఉన్నాడని అర్థం. ఉద్యోగం మీద ఎక్కడికో పోతూ దారిలో ఎవరి పిల్లాడినో చూస్తాడు, తన ఊరు గుర్తొస్తుంది, రాస్తాడు. ఆ పిల్లాడు నిజంగా ఉన్నవాడే కానక్కర్లేదు. మా నాన్న ఎప్పుడూ ఇదే చెప్పేవాడు. నువ్వు వాటిని భూసార పరీక్ష చీటీల్లా చదవకు.

ఆ పద్యాలు నాకు పంపు. మీ ఊళ్ళో పద్యాల సంఘం పెద్ద ఉన్నాడే, పాంగ్ గారు, ఆయన చేతికి మాత్రం ఇవ్వకు. పెయ్‌జుకి ఆయనంటే పడేది కాదు.

రాయి మీద నీ పేరు ఎందుకు ఇవ్వలేదు? జాగు చేయకు.

నీ ఆరోగ్యం కనిపెట్టుకునే
వదిన


నాన్‌జింగ్
సెప్టెంబర్ 10

వదినగారికి,

పళ్ళు ఉన్నాయి.

ఫెయ్ బోరుయ్ అంత్యక్రియలకు వచ్చాడు. అప్పుడు పేరు తెలియదు. ఇప్పుడు సంతకాల పుస్తకంలో చూశాను. తెల్లచేమంతులు తెచ్చాడు. ఫొటో ముందు మూడుసార్లు వంగాడు. అందరూ తోఫూ భోజనానికి కూర్చుంటుంటే అతను కూర్చోలేదు. పోయినవారి పేరున పెట్టే ఆ భోజనం తినకుండా వెళ్ళడం మీ వైపు ఎంత తప్పో మీరే ఒకసారి చెప్పారు. అతను ఎందుకు వెళ్ళాడు?

పద్యాలు పంపను. నిజంగా ఉన్నవాడే కానక్కర్లేదని మీరు నేనడగకముందే ఎందుకు రాశారో ఆలోచిస్తున్నాను. పాంగ్ గారికి చూపించవద్దని ఎందుకన్నారో కూడా.

చూపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని పదకొండూ చదివాడు. “మీ ఆవిడది గొప్ప చెయ్యి, గెంగ్ గారూ. ఆ మొదటి పద్యం ఇచ్చినవాడు మాత్రం మొద్దు. ప్రాసల పుస్తకం మొహం చూసినవాడు కాడు. మూడు చివరి మాటల్లో ఒకటి తప్పు. పైగా పద్యంలో ఎవరూ వాడని మాట. మా సంఘంలో కామా తప్పు పడ్డా పెన్సిలు పట్టుకునే మనిషి, ఈ తప్పుని పదకొండుసార్లు ఎందుకు మోసిందో నాకు బోధపడటం లేదు,” అన్నాడు.

నాకు బోధపడింది. ఇష్టం లేనివాడి తప్పును ఎవరూ ముప్పై ఆరేళ్ళు మోయరు.

మేస్త్రీని పని ఆపమన్నాను.

షోయీ


హూజౌ
సెప్టెంబర్ 20

మరిదిగారూ,

ఇక ‘మీరు’ అనే రాస్తాను. మీరు కూడా పరాయివాళ్ళతో మాట్లాడినట్టే రాస్తున్నారు.

శరత్ పున్నమికి మా అల్లుడు మీకు చంద్రపు రొట్టెలు ఇవ్వడానికి వచ్చాడు. గుమ్మంలో నిలబెట్టే పంపేశారట. లోపల వంటింట్లో ఆడమనిషి గొంతు వినిపించిందట. సూప్ చల్లారిపోతోంది అంటోందట. కింద మేస్త్రీ కొట్టు దగ్గర ఆగి అడిగితే, “రాయి మీద ఆయన పేరు వద్దన్నారు” అన్నాడట.

నేను ముసలిదాన్నే కానీ కూడికలు వచ్చు. ఆరు నెలలు. పక్కింటావిడ. సూప్. ఖాళీ రాయి. మీ పేరు వేరే ఎవరి పక్కనో చెక్కించుకోవాలనుకుంటే నేరుగా చెప్పండి. ఈ వయసులో ఎవరూ ఉరి తీయరు. అంతేగాని దానికోసం మా చెల్లెలి మీద చిన్నప్పటి మగపిల్లలందర్నీ తెచ్చి కట్టకండి. అది తిరిగొచ్చి జవాబు చెప్పలేదు.

పద్యాలు పంపనన్నారు. చదివించకుండా తీర్పు చెప్పించుకోవడానికి నేనేం కోర్టు గుమాస్తానా?

ఫెయ్ భోజనం చేయకుండా ఎందుకు వెళ్ళాడో వాడికి నోరుంది, వాణ్ణే అడగండి.

పెయ్‌లాన్


నాన్‌జింగ్
అక్టోబర్ 5

వదినగారికి,

పక్కింటావిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆమె సూప్‌లో ఉప్పు ఉండదు.

అల్లుడిని గుమ్మంలోంచే పంపేయడం తప్పు. డబ్బాలో కాగితాలన్నీ నేల మీద పరిచి ఉన్నాయి. మీ వాళ్ళెవరూ చూడకూడదనుకున్నాను.

గురువారం హూజౌ వచ్చాను. మీ ఇంటికి రాలేదు. మీ వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగాను. అది కూడా తప్పే.

ఫెయ్ కొట్లో కూర్చున్నాను. వేణువుకు కన్నాలు పెడుతున్నాడు. నేను ఎవరో చెప్పగానే లేచి బల్ల తుడిచి టీ పోశాడు. భోజనం సంగతి అడిగాను.

“బస్సు, అన్నా! మా ఊరికి ఆఖరి బస్సు నాలుగింటికి. మా ఆవిడ మంచంలో ఉంది, రాత్రికి చేరకపోతే దానికి మందెవరు వేస్తారు? ఇంత దూరం ఇదడగటానికి వచ్చావా?”

పద్యాల సంగతి అడిగాను.

“పద్యాలా? బళ్ళో నా పద్యాలు కూడా పెయ్‌జే రాసిచ్చేది. పట్టుబడి ఇద్దరం తిన్నాం దెబ్బలు.”

గట్టు మీద నిలబడే అబ్బాయి నువ్వేనా అన్నాను. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. “గట్టు మీద ఎందుకు నిలబడతాను? నేను పడవలో పుట్టాను. మా అమ్మ నొప్పులు పడుతూ కూడా తెడ్డు వదల్లేదు. నువ్వు సరిగ్గా తింటున్నావా అన్నా?”

నమ్మలేదు. ఇంత తేలిగ్గా మాట్లాడేవాడు ముందే సిద్ధం చేసుకుని ఉంటాడనిపించింది. వచ్చేటప్పుడు ఒక వేణువు చేతిలో పెట్టాడు. బస్సులో సీటు మీద వదిలేశాను.

రాయి సంగతి తేల్చాను. ఆమె పేరు ఒక్కటే ఉంటుంది. నా పేరుండదు. ఎవరి పక్కనా ఉండదు. నలభై ఒక్క ఏళ్ళు ఒక ఇంట్లో ఉన్నాను. ఇంకొకరికి జవాబు రాస్తున్న మనిషి పక్కన ఉన్నానని తెలియకుండా ఉన్నాను. అక్కడ కూడా అలా పడుకోలేను.

తీర్పు చెప్పించుకోవడం లేదు. కానీ చదవకుండా మీరు నన్ను తప్పు పట్టకూడదు. ఒకటి కింద రాస్తున్నాను. ధాన్యం చీటీ వెనక ఉన్నది.

వాన వెలిసింది, పడవ కట్టి పిలిచాను, రా.
గట్టు మీదే నిలిచావు, చేతిలో జల్లెడ.
రొయ్యపిల్లలన్నీ వేళ్ళ సందున జారిపోయాయి.
పిడికిలి బిగించింది చాలు, ఇక తెరువు.

మూడో పాదానికి ప్రాస అక్కర్లేదట, పదకొండింటిలోనూ చివరి మాటలు ఇవే మూడు. రా, జల్లెడ, తెరువు. పాంగ్ గారు తప్పన్నది జల్లెడను.

గెంగ్ షోయీ


హూజౌ
అక్టోబర్ 9

ఒరే మరిదీ,

ఇవాళ తారీకు చూశావా? చూడు. తర్వాత చదువు.

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. జల్లెడ దాకా చదివి వంటింట్లో కూర్చుండిపోయాను. నవ్వానో ఏడ్చానో మా అల్లుణ్ణి అడగాలి. వాడు పరుగెత్తుకొచ్చి నీళ్ళిచ్చాడు. పాంగ్ గారి మాట నువ్వు రాసినప్పుడే నాకు వెలగాల్సింది. కోపం మీద ఉన్నాను, వెలగలేదు. ఆ ఒక్క పద్యం నువ్వు ఆగస్టులో పంపి ఉంటే నీకు బస్సు ఖర్చు కూడా దండగయ్యేది కాదు.

1956 అక్టోబర్ 9. నీ పెళ్ళి. మా గుమ్మం ముందు నీలం చొక్కాతో నిలబడ్డావు. మా నాన్న సంగతి తెలుసుగా, పాతకాలం మనిషి. పెళ్ళికొడుకు పద్యం చెబితేగాని తలుపు తీయనన్నాడు. ఆ రోజుల్లోనే అది ఎవరూ చేయడం లేదు. నువ్వేమో ఎండిన కొండల మధ్య కొర్రలు పండే ఊరి వాడివి, కాలేజీలో మట్టి చదివావు. “నాకు రావండీ” అన్నావు. నాన్న లోపల్నుంచి, “పొగడ్తలు వద్దు. చిన్నప్పటి సంగతి ఒక్కటి చెప్పు. పెద్దవాడు పద్యంలో ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు, చిన్నతనం చెప్పేటప్పుడు దొరికిపోతాడు. పిల్లనెవరికి ఇస్తున్నానో నాకు తెలియాలి,” అన్నాడు.

నీ స్నేహితులు నీ చేత సారా తాగించారు. కాగితం మీద ఏదో గీకి తలుపు కింద నుంచి తోశావు. నాన్న గట్టిగా చదివాడు. రెండో పాదం చివరకొచ్చి ఆగిపోయాడు. “జల్లెడా? పద్యం చివర జల్లెడ ఏమిటయ్యా! అరవై ఏళ్ళు వచ్చాయి, పాదం చివర జల్లెడ పెట్టినవాణ్ణి చూళ్ళేదు. అది ప్రాసకి కూడా కుదరదురా అబ్బాయ్!” వీధి వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. బయట నీ చెవులు ఎర్రబడ్డాయని తర్వాత చెప్పారు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. నాన్నకి జాలేసిందని నువ్వనుకున్నావు కదూ. అందరూ అలాగే అనుకున్నారు, మేం చెప్పలేదు, ఇంటి పరువు. తీసింది నాన్న కాదు. పెయ్‌జు. పెళ్ళికూతురు తన తలుపు తనే తీయకూడదే అని నేను చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది. “ఆకలేసిన పిల్లాడు బయట నిలబడి తడుతుంటే ఎవరైనా ప్రాస చూస్తారా అక్కా?” అని గడియ తీసింది.

ఆ తర్వాత బస్సులో, ఆ పద్యం సంగతి నా ముందు ఇంకెప్పుడూ ఎత్తకు అన్నావట. నాతో చెప్పింది. ఎత్తలేదు. మమ్మల్ని ఎత్తనివ్వలేదు. నువ్వు ఎత్తొద్దన్నావేగాని, జవాబు రాయొద్దనలేదుగా.

ఇక గట్టు మీద అబ్బాయి. మా వీధిలో పిల్లలు నడక రాకముందు ఈతకొట్టారు. నీళ్ళంటే భయపడినవాడు ఈ రేవు పుట్టాక ఒక్కడే. పెళ్ళైన మూడో రోజు పుట్టింటికి వచ్చినప్పుడు పడవెక్కమంటే ఎక్కకుండా, మూడు మైళ్ళు గట్టు వెంబడి నడిచొచ్చావు. పెయ్‌జు పడవలో, నువ్వు గట్టు మీద. రొట్టెలంగడి వాళ్ళు ఏడాదిపాటు చెప్పుకుని నవ్వారు. మర్చిపోయావా? అది మర్చిపోలేదు. నిన్ను పిల్లాణ్ణి చేసి తెచ్చి మా రేవులో నిలబెట్టింది. మీరిద్దరూ చిన్నప్పుడు కలుసుకోలేదు కదా. కలిపింది. పద్యంలో పిల్లాడు నిజంగా ఉన్నవాడే కానక్కర్లేదని నేనన్నాను. అదొక్కటీ నేను తప్పు చెప్పాను.

నాదీ ఒక తప్పుంది. నీ కాగితం పెయ్‌జు ఇక్కడ నాన్న పుస్తకాల్లోనే దాచింది. 1966 వేసవిలో, పాతవన్నీ తుడిచేయాలని కుర్రదళాలు పాత కాగితాలున్న ఇళ్ళన్నీ వెతుకుతున్నాయని భయపడి అంతా పొయ్యిలో వేశాను. అదీ పోయింది. చెబితే పెయ్‌జు నన్నేమీ అనలేదు. “చివరి మాటలు నాకొచ్చు,” అంది.

మిగతా మాటలు నాకు రావు. నీకు గుర్తున్నాయా?

వేణువు వదిలేశావని ఫెయ్‌కి చెప్పను. పక్కింటావిడకి నా నమస్కారం. మరిదీ, ఉప్పు నువ్వే వేసుకో.

నిన్ను అనరాని మాటలన్న
వదిన


నాన్‌జింగ్
డిసెంబర్ 3

వదినగారికి,

జవాబు ఆలస్యమైంది.

గడియ ఎవరు తీశారో నాకు తెలియదు. ఆ గుమ్మం సంగతి ఎంతగా తొక్కిపెట్టానంటే, జల్లెడ అని నా చేత్తో మీకు రాసి కూడా పోల్చుకోలేదు.

పదకొండూ మళ్ళీ చదివాను. జల్లెడ ఒకచోట పిచ్చుక మీద బోర్లించి ఉంది. ఒకచోట కొత్తగా పొదిగిన కోడిపిల్లకు గొడుగయింది. ఒకచోట అందులోంచి మంచు రాలింది. చివరి పద్యం, ఆసుపత్రి కాగితం మీదిది, అన్నిటికంటే చిన్నది. అందులో పడవ ఖాళీగా ఉంది. అబ్బాయి గట్టు మీదే ఉన్నాడు. ఆ రోజు నేను మంచం పక్కనే కుర్చీలో పేపరు చదువుతున్నాను. ఏం రాస్తున్నావు అన్నాను. మందుల పేర్లు అంది.

ఫెయ్ గారికి క్షమాపణ రాశాను. ఇంకో వేణువు పంపాడు. వాయించడం రాదు. ఆయన భార్యకు కాస్త నయమట.

నా పద్యం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. మా ఊరు, పొలం నుంచి అమ్మ రాని సాయంత్రం. నాకు ఆరేళ్ళు. ఇంతవరకే వచ్చింది.

... రా.
వాకిట కొర్రలు కోళ్ళ పాలు, పక్కన బోర్లా జల్లెడ.
అమ్మ ఇంకా రాలేదు, కొండ మీద పొద్దు లేదు.
నా ఇల్లే, నేనే తడుతున్నాను, తలుపు తెరువు.

మొదటి పాదం పోయింది. చివర ‘రా’ అని తప్ప తెలియదు. ఎవరిని రమ్మన్నానో తెలియదు. అది ఆమెకు తెలుసు.

మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. పేరు ఇచ్చాను. నా ముందే చెక్కాడు. ఎర్రరంగు నేనే నింపాను. ఒక గీత కొంచెం బయటికి పోయింది. తుడవనన్నాను.

రాయి వెనక ఏదైనా మంచి పద్యం వేయిస్తారు కదా అని అడిగాడు. మూడు మాటలు రాసిచ్చాను. చదివి తల గోక్కున్నాడు. “ఇదేంటి మాస్టారూ, జల్లెడా? ముప్పై ఏళ్ళుగా సమాధులు చెక్కుతున్నాను, జల్లెడ చెక్కించుకున్నవాణ్ణి చూళ్ళేదు!”

ఇదే మాట ఒకసారి మీ నాన్నగారు కూడా అన్నారని చెప్పాను. తలుపు వెనక నుంచి.

22న మీరు రావాలి. కాలువ మీదుగా వస్తే దగ్గర దారి అంటున్నారు. రేవుకు నేను వస్తాను. పడవలో.

షోయీ